తవుడు డబ్బాతో జపాను ప్రయాణం

నా జీవితంలో ఆ డబ్బా మూత తీయించిన అధికారులు ఇద్దరే. మొదటివాడు ఇరాకీ సైనికుడు, బస్రా వెళ్ళే దారిలో, భుజాన తుపాకీతో. రెండో ఆయన జపాను విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి, చేతులకు తెల్లటి తొడుగులతో. సైనికుడు ముక్కు మూసుకున్నాడు. జపాను ఆయన మాత్రం ముక్కు ఇంకాస్త దగ్గరగా పెట్టి, పుట్టింటివాళ్ళు ఎదురైనంత సంబరంగా "నుకా!" అన్నాడు.

పక్క బల్ల దగ్గరున్న పెద్ద అధికారిని పిలిచాడు. ఆయన కూడా వంగి వాసన చూశాడు. ఇలాంటివి రానివ్వరని, చెత్తబుట్టలో పడేస్తారని బయల్దేరేముందు మావారు నా ప్రాణం తీసి ఉన్నారు. వాళ్ళు కాసేపు మాట్లాడుకుని, ఉప్పులో ఊరిన పచ్చడి సరుకే కదా అని తేల్చుకుని, వంగి నమస్కారం పెట్టారు. నాకు పెట్టారో డబ్బాకు పెట్టారో తెలియదు. ఎందుకైనా మంచిదని నేనూ తిరిగి పెట్టాను.

నుకా అంటే తవుడు. నవ్వకండి, మన పశువులకు కుడితిలో కలిపే తవుడే. జపాను వాళ్ళు దాన్ని ఉప్పునీళ్ళతో ముద్దగా కలిపి పులియబెడతారు. దోసకాయో వంకాయో ముల్లంగో రాత్రి అందులో పూడ్చి, పొద్దున తీసి కడుక్కుని అన్నంలోకి నంజుకుంటారు. తవుడు మాత్రం పారెయ్యరు. తల్లి కుండలోంచి కొంత కూతురి కుండలోకి వెళుతుంది. రోజూ ఎవరో ఒకరు చెయ్యి పెట్టి అడుగుదాకా కలుపుతూ ఉంటే తరాల తరబడి బతుకుతుంది. కలపడం మానేస్తే చచ్చిపోతుంది.

ఇవన్నీ నాకు చెప్పిన జపానావిడ కువైట్‌లో, హవల్లీలో మా పై అంతస్తులో ఉండేది. ఆవిడ భర్తా మావారూ అహ్మదిలో ఒకే కంట్రాక్టరు దగ్గర పనిచేసేవారు. నేను హవల్లీలోనే స్కూలు టీచర్ని. ఆవిడది వచ్చీరాని ఇంగ్లీషు, నాది పాఠాల ఇంగ్లీషు. అయినా మా కబుర్లకు ఎప్పుడూ కరువు రాలేదు. మా ఇంట్లో భోంచేసినప్పుడల్లా నేను కొసరి కొసరి వడ్డించేదాన్ని. ఆ బాధ పడలేక ఆవిడ నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట "చాలు".

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. కొన్నాళ్ళకు జపాను వాళ్ళందర్నీ తమ ఎంబసీకి వచ్చెయ్యమన్నారు. ఆవిడ భుజాన చిన్న సంచీ వేసుకుని, రెండు చేతులా కుండ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"ఇది మా అమ్మ నా పెళ్ళికి ఇచ్చిన తవుడు. రోజూ చేత్తో కలపండి. ఉప్పు తగ్గనివ్వకండి. అడుగున ఒక ఇనప మేకు ఉంటుంది, దాన్ని తియ్యకండి. వంకాయ రంగు పోకుండా చూసేది అదే" అంది.

కాగితం మీద వాళ్ళమ్మ ఉండే ఊరి చిరునామా రాసిచ్చింది. ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను. నాకు కోపం వచ్చినా ఏడుపే, భయం వేసినా ఏడుపే.

అక్కడ నా పెంపకం అడ్డొచ్చింది. కోనసీమలో మా అమ్మ ఆవకాయ జాడీలో ఎవరైనా చెయ్యి పెడితే ఆ చెయ్యి విరగ్గొట్టేది. తడి తగిలితే ఏడాది పచ్చడి బూజు పట్టిపోతుందని భయం. ఆ ఇంట్లో పెరిగినదాన్ని, ఊరేదాంట్లో మోచేతిదాకా చెయ్యి పెట్టడమా? పొడి గరిటె తీసుకుని భక్తిగా పైపైన తిప్పాను. కొద్ది రోజులకే తెల్లగా పొర కట్టింది. వాసన పక్క ఫ్లాటుదాకా వెళ్ళింది.

"ఏవిటే బాబూ ఇదీ! ఇల్లంతా గేదెల పాకలా ఉంది. బయట తుపాకులకి భయపడాలో, లోపల నీ కుడితికి భయపడాలో తెలీట్లేదు" అన్నారు మావారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే తెగువ వచ్చింది. నాకు తెలిసిన వైద్యం ఒకటే: ఉప్పు, ఆవపిండి, ఎండుమిరపకాయలు. ఆవకాయను కాపాడేవి దీన్ని కాపాడవా అనుకుని, పైపొర తీసేసి దండిగా వేశాను. స్నానం చేసి, గాజులు పైకి తోసుకుని, మనసులోనే మా అమ్మకు క్షమాపణ చెప్పుకుని చెయ్యి లోపల పెట్టాను. చల్లగా, మెత్తగా, ఊడ్పులప్పుడు చేలో కాలు పెట్టినట్టుంది. అడుగున మేకు వేలికి తగిలింది. ఆ రోజుల్లో రొట్టె కోసం పొద్దంతా వరసలో నిలబడేవాళ్ళం. సముద్రం ఒడ్డున ముళ్ళకంచెలు వేశారు. రేపు ఏమవుతుందో ఎవరికీ తెలియదు. కానీ ఆ కుండలో చెయ్యి ఉన్నంతసేపూ నాకు భయం వేసేది కాదు. ఎండలకు త్వరగా పులిసిపోతుందని రెండు పూటలా కలిపాను. నెమ్మదిగా కంపు పోయి, పుల్లటి కమ్మటి వాసన వచ్చింది.

మొదటి ముక్క తిన్నది నేను కాదు. రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేసే కడపావిడ అప్పుడు మా ఇంట్లో తలదాచుకుంటోంది. ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్ళు మామా అంటారు. ఆ మామా కుటుంబం సౌదీకి వెళ్ళిపోయింది. అన్నంలోకి కూరే లేని ఒక మధ్యాహ్నం నేను దోసకాయ తీసి కడిగి కోస్తుంటే, ఈవిడ ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఏందక్కా, ఇంత బాగుండాది! తవుడంటే గొడ్లకే అనుకుంటి. ఇన్నాళ్ళూ గొడ్లే మనకంటే బాగా తింటా ఉన్నాయి గదక్కా!"

మావారికి నవ్వుతో పొలమారింది. సైన్యం వచ్చాక మా ఇంట్లో కడుపుబ్బా నవ్వుకున్నది ఆ రోజే.

తరువాత ఇండియా వెళ్ళేవాళ్ళకు బస్సులున్నాయని కబురొచ్చింది. బాగ్దాదు మీదుగా జోర్డాను, అక్కడి నుంచి విమానం. కుండ మోసుకెళ్ళలేను. తవుడునీ మేకునీ మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చాను. నా గాజులూ గొలుసూ కూడా అడుగున పూడ్చి, పైన మందంగా ఉప్పు పరిచాను. దారిలో సైనికులు మావారి గడియారం తీసుకున్నారు, కడపావిడ టేపురికార్డరు తీసుకున్నారు. డబ్బా మూత తీయించినవాడు మాత్రం ముక్కు మూసుకుని, "ఖలాస్! యల్లా, యల్లా!" అంటూ మమ్మల్ని బస్సులోకి తోలాడు. బస్సు కదిలాక కడపావిడ నోట్లో కొంగు కుక్కుకుని ఒకటే నవ్వు.

మా ఊళ్ళో తవుడుకు కరువా? రైసు మిల్లు వీధి చివరే. కోనసీమ తవుడు తిని అది బాగా ఒళ్ళు చేసింది. కువైట్ తేరుకున్నాక మళ్ళీ హవల్లీ వచ్చాం, డబ్బాతో సహా. జపానావిడ ఇచ్చిన చిరునామాకు ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది.

"మమ్మల్ని ఇరాక్ వాళ్ళు అతిథులని పేరుపెట్టి బాగ్దాదులో కదలనివ్వకుండా ఉంచిన రోజుల్లోనే అమ్మ పోయింది. ఆ దుఃఖంలో ఎవరూ కలపక అమ్మ కుండ కూడా పాడైపోయింది. నాన్న అప్పటి నుంచి ఊరగాయ ముట్టడం లేదు. అమ్మ చేతిది తప్ప వద్దంటున్నారు. మీ దగ్గరున్నది నిజంగా బతికే ఉందా?"

వేసవి సెలవులకు జపాను వెళతానన్నాను. "తవుడుకి విమానం టికెట్టా!" అన్నారు మావారు. అని, వెళ్ళి కొనుక్కొచ్చారు. ఆ ముసలాయన ఒక్క ముక్క తిని ఇది మా ఆవిడదే అంటే చాలు, నేను పడ్డ పాటంతా తీరిపోతుందనుకున్నాను.

ఒకే పెట్టె ఉన్న రైలు సముద్రాన్ని ఆనుకుని పాకుతూ నన్ను ఆ ఊళ్ళో దింపింది. దిగింది నేనొక్కదాన్నే. జపానావిడ నాకోసం స్టేషనుకు వచ్చింది. స్టేషను బయటే చేపలు చీల్చి తీగల మీద ఆరేశారు. ఆ వాసనకు అంతర్వేది ఒడ్డున దిగినట్టే అనిపించింది. ప్రతి గుమ్మం ముందూ ఒక పిల్లి. వలలు బాగుచేసుకుంటున్న ముసలమ్మలు లేచి వచ్చి నా చీర అంచు పట్టుకుని చూశారు, ఒకావిడ కుచ్చిళ్ళు లెక్కపెట్టింది. ఇంతలో స్తంభం మీద లౌడుస్పీకరు మోగింది. కువైట్‌లోలాగా కర్ఫ్యూ అనుకుని జపానావిడ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. ఆవిడ కూడా నా చెయ్యి పట్టుకుంది. తీరా చూస్తే పాట. సాయంత్రమైంది, పిల్లలూ ఇళ్ళకు వెళ్ళండని ఆ ఊళ్ళో రోజూ పాట వేస్తారట. ఇద్దరం నడిరోడ్డు మీద పడీపడీ నవ్వాం. ఆ ఊపులోనే చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని సముద్రంలోకి దిగాను. కంచె లేదు, కాపలా లేదు. మోకాళ్ళదాకా తడిసి, చిన్నపిల్లలా కేకలు పెట్టాను.

రాత్రి భోజనం దగ్గర వాళ్ళ నాన్న ఎదురుగా కూర్చున్నాడు. పడవ మీద బతికిన మనిషి, మెడంతా ముడతలు. జపానావిడ నా డబ్బాలోంచి తీసిన దోసకాయ కోసి చిన్న పళ్ళెంలో పెట్టింది. ఆయన చాలాసేపు దాన్ని చూసి, ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. ఒక్క మాట అన్నాడు.

"కారంగా ఉందంటున్నారు" అంది ఆవిడ, నా వైపు చూడకుండా.

నా ప్రాణం ఉసూరుమంది. మిరపకాయలు నావి, ఆవపిండి నాది, తవుడు మా ఊరిది. ఇంక ఇందులో వాళ్ళమ్మది ఏం మిగిలింది? నా పచ్చడే నేను ఇంత దూరం మోసుకొచ్చాను.

ఆయన అన్నం తినే పుల్లలు పక్కన పెట్టి, డబ్బాను దగ్గరకు లాక్కున్నాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నాన్న ఎప్పుడూ అమ్మ కుండలో చెయ్యి పెట్టలేదు" అంది జపానావిడ గొంతు తగ్గించి. ఆయన మోచేతిదాకా చెయ్యి దించి, అడుగున వెతికి మేకు బయటకు తీశాడు. బొటనవేలితో తవుడు తుడిచాడు. సగానికి అరిగి నల్లబడింది కానీ, నలుచదరపు తల అలాగే ఉంది. దీపం కింద పట్టుకుని చూసి ఏదో అన్నాడు. ఆవిడ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి నాకు చెప్పింది.

"అది నాన్న మొదటి పడవ మేకు. పెళ్ళైన కొత్తలో అమ్మ అడిగితే పీకి ఇచ్చారట. అమ్మ దాన్ని నాకిచ్చిందని ఆయనకి తెలీదు. అమ్మ కుండతోపాటే పోయిందనుకున్నారు."

ఆయన ఇంకో ముక్క తిన్నాడు. అన్నం పెట్టించుకుని ఇంకోటి తిన్నాడు. కారానికి ముక్కు ఎగబీలుస్తూ పళ్ళెం ఖాళీ చేశాడు. తరువాత మేకును జాగ్రత్తగా అడుగుకు నొక్కి, తవుడు కలపడం మొదలుపెట్టాడు. కొత్త కదా, అంచుల మీంచి పొంగి బల్ల మీద పడుతోంది. జపానావిడ వాళ్ళ భాషలో రెండుసార్లు ఏదో చెప్పింది. వినలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, నా వైపు చూసి నవ్వి, ఈసారి తెలుగులో "చాలు" అంది. ఆయన ఆ మాట కూడా వినలేదు. కలుపుతూనే ఉన్నాడు.