మిగిలిన ద్రాక్షరసం, ఓనరమ్మ రోజాపూలు

ఆ రోజుల్లో హోసూరులో తెలుగు ఆరాధన కావాలంటే మాకు ఒకే ఒక్క మేడ గతి. అరవంలో అయితే వీధికొక చర్చి, కన్నడమైతే బాగలూరు రోడ్డులో కాస్త ముందుకు పోతే చాలు, ఇంగ్లీషు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫ్యాక్టరీ పనులకని ఆంధ్రా నుంచి వచ్చిపడిన మా బోటివాళ్లం మాత్రం ఆ మూడో అంతస్తు రేకుల హాల్లోనే సర్దుకోవాలి. సర్దుకోవాలి అన్నాను గాని, ఎన్నడూ సర్దుకోలేదు. తల మీద నీళ్లు చిలకరిస్తే బాప్తిస్మం అయిపోయినట్టే అనేవాళ్లు కిటికీ వైపు, నిలువునా ముంచితే గాని లెక్కలోకి రాదనేవాళ్లు ఫ్యాన్ల వైపు కూర్చునేవారు. (ఫ్యాన్లు వాళ్లకే ఎందుకు దక్కాయని నేను అప్పుడే అడిగాను. ఇప్పటికీ జవాబు రాలేదు.) "అవన్నీ పాత సంగతులు, వదిలెయ్" అంటాడు మా ఆయన. వదిలెయ్యడానికి అవి నేను పట్టుకున్నవి కావు. వాళ్లు నాకు అంటించి పోయినవి.

నెలకొక ఆదివారం ప్రభువు బల్ల ఉండేది. రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచుకునే ఆ ఆదివారం హాలంతా ప్రేమతో నిండాలి కదా, అనుమానంతో నిండేది. ఒకే పాత్రలోంచి అందరూ తాగాలని కిటికీ వైపువాళ్లు, ఎవరి చిన్న కప్పు వాళ్లకుండాలని ఫ్యాన్ల వైపువాళ్లు. కిటికీ వైపుకు పెద్ద కీర్తనల తాతగారు. ఎవరైనా కొత్త పాట ఎత్తుకుంటే అది ఆగేదాకా దగ్గుతూ ఉండేవారు. ఫ్యాన్ల వైపుకు పెద్ద క్వాలిటీ అన్న. కంపెనీలో తయారైన సరుకులో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. అవే కళ్లతో మమ్మల్ని, మా పాటల్ని, ప్రేమవిందులో సాంబారునూ చూసేవాడు. ఇద్దరి మధ్య నలిగేది అయ్యగారు, అంటే మా పాస్టరుగారు. ఆయనను ఏది అడిగినా "ప్రార్థనలో పెడదాం" అనేవారు. పాత్ర గొడవను కూడా అలాగే కొన్నాళ్లు ప్రార్థనలో నానబెట్టి, చివరికి ఒక పెద్ద పాత్రా, పళ్లెం నిండా చిన్న కప్పులూ రెండూ బల్ల మీద పెట్టించారు. ఏదీ ఎవరికీ పూర్తిగా నచ్చలేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నారు.

నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. పలమనేరు దగ్గర ఊరు వదిలి ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరి, ఆ మేడలోనే రెండో అంతస్తులో ఒక గది తీసుకుని ఉండేదాన్ని. ఒక బల్ల ఆదివారం, ఆరాధన అయ్యాక, క్వాలిటీ అన్న మిగిలిన ద్రాక్షరసాన్ని వాష్‌బేసిన్‌లో వంపి కుళాయి తిప్పడం చూశాను. అదే బేసిన్‌లో మావాళ్లు బిర్యానీ తిని చేతులు కడుక్కుని పుక్కిలించి ఉమ్మేవారు. నా ప్రాణం చివుక్కుమంది. మా ఊరి చర్చిలో బల్ల సామాను కడిగేది మా అవ్వ. బల్ల మీద పెట్టింది మురికి కాలవలోకి పోకూడదు, మనిషి కాలు పడని మన్నులోకే పోవాలి అని ఆమె కట్టుబాటు. చర్చి వెనక గోడకు ఆనుకుని, చుట్టూ రాళ్లు పెట్టిన జానెడు నేల ఉండేది. పాత్ర కడిగిన నీళ్లు కూడా అక్కడే పోసేది. ఆ రాళ్లు దాటానని ఒకసారి నన్ను చింతబరికెతో కొట్టింది కూడా.

"అన్నా, అది బల్ల మీది రసం" అన్నాను.

"ఆమెన్ అన్నాక అది ఉత్త ద్రాక్షరసమేనమ్మా. బ్యాచ్ క్లోజ్" అన్నాడు ఆయన, తడి చేతులు దులుపుకుంటూ. ఒక చుక్క నా ఓణీ మీద పడింది.

పదిమందిలో అన్నాడు. ఫ్యాన్ల వైపు ఆడవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఈ రోజు కూడా వరసగా చెప్పగలను, కాని వాళ్లలో ఒకామె ఇప్పుడు మా వియ్యాలవారికి చుట్టం. నేను ఆ మధ్యాహ్నమంతా అయ్యగారి వెంట పడ్డాను. భోజనం దగ్గర, మెట్ల దగ్గర, ఆయన బండి తాళం చెవి వెతుక్కుంటున్నప్పుడు కూడా. ఆయన మొదట ప్రార్థనలో పెడదామన్నారు. తర్వాత, ఇక లాభం లేదనుకున్నారేమో, "ఇకనుంచి ఆ సామాను సంగతి నువ్వే చూసుకో తల్లీ" అన్నారు. నా నోరు మూయించడానికే ఆ పని ఇచ్చారని ఊరంతటికీ తెలుసు. నేను మాత్రం సమూయేలును పిలిచినట్టు దేవుడు నన్ను పేరు పెట్టి పిలిచాడనుకున్నాను.

సామాను దక్కింది సరే, మూడో అంతస్తులో మన్ను ఎక్కడ? కింద వీధి అంతా సిమెంటే. వెతగ్గా వెతగ్గా హాలు పక్కన డాబా మూలలో ఒక పాత పెయింట్ బకెట్టు కనిపించింది. అందులో ఎండుపుల్లలాంటి రోజా మొక్క. ఇంటి ఓనరమ్మ ఎప్పుడో గుచ్చి మరిచిపోయింది. బకెట్టులో మనిషి కాలు పడదు కదా. అవ్వ కట్టుబాటు అక్షరాలా నెరవేరింది. ఆ నెల మిగిలిన రసం, పాత్ర తొలిచిన నీళ్లు, చిన్న కప్పులు కడిగిన నీళ్లు అన్నీ భక్తిగా అందులో పోశాను. పోశాక ఇంకో భయం పట్టుకుంది. అంత పవిత్రమైన మన్ను ఎండి బీటలు వారితే ఏమి మర్యాద? అందుకని షిఫ్టు దిగి వచ్చి రోజూ ఒక చెంబు నీళ్లు పోసేదాన్ని. హోసూరు చలికి, ఆ నీళ్లకు, పుల్ల చిగురు వేసింది.

చిగురు చూసి ఓనరమ్మకు హఠాత్తుగా చెట్టు మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆమెది ఈ ఊరే, తాతల నాటి నుంచి తెలుగువాళ్లే. డెంకణికోట దగ్గర ఆమె తమ్ముడికి మేకలున్నాయి. ఒకరోజు నేను పైకి వెళ్లేసరికి బకెట్టు నిండా మేక పెంటికలు. ప్రభువు పాత్ర కడిగిన మన్ను మీద మేక పెంటికలు. నేను ఏడుస్తూ ఒక్కొక్కటే ఏరి కవరులో వేశాను. మర్నాడు ఆమె మళ్లీ వేసింది. నేను మళ్లీ ఏరాను. ఇలా మా ఇద్దరి మధ్య మాటల్లేని యుద్ధం కొన్ని వారాలు జరిగింది. ఆమె కోతులు ఎత్తుకుపోతున్నాయనుకుందట. (కోతులకు మేక పెంటికలు ఎందుకని ఆమెకూ తోచలేదు.) ఏరినవాటికంటే మిగిలినవే ఎక్కువేమో, చెట్టు విరగబూసింది. ఎర్రగా, పిడికెడంత పూలు.

మొదటి పువ్వు ఓనరమ్మ మెట్ల కింద గూట్లో ఉన్న వినాయకుడికి పెట్టింది. రెండోది జడలో తురుముకుంది. ఆ జడతో, ఆ పువ్వుతో, ఆదివారం పొద్దున సరిగ్గా మా ఆరాధనకు వచ్చేవాళ్లకు ఎదురుగా గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. నేను చూసి ఊరుకుంటానా? కీర్తనల తాతగారికి చెప్పాను. రసం ఉత్తదేనన్నందుకు ఆయన క్వాలిటీ అన్నను నిలదీశారు. ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. రసం పవిత్రమైతే మన్ను పవిత్రం, మన్ను పవిత్రమైతే వేరు, వేరైతే పువ్వు, పువ్వైతే ఓనరమ్మ జడ అని తాతగారు మెట్టు మెట్టు ఎక్కుతూ పోయారు. ఆ లెక్కన ఓనరమ్మ బాప్తిస్మం లేకుండానే బల్లలో చెయ్యి వేసినట్టు కదా, ఆమెను సంఘంలో చేర్చుకుందామా, చేర్చుకుంటే చిలకరిద్దామా ముంచుదామా అని క్వాలిటీ అన్న వెటకారం చేశాడు. బకెట్టులో వానపాములు కూడా ఉన్నాయి, వాటి సంగతేమిటని అడిగాడు. చదువుకున్న మగవాళ్లు ఒక పూటంతా వానపాముల రక్షణ గురించి వాదించుకోవడం నా చెవులతో విన్నాను. చివరికి తేల్చింది ఏమిటంటే, గొడవ తెచ్చింది నేను గనుక, పూలు కొయ్యవద్దని నేనే వెళ్లి ఓనరమ్మకు చెప్పాలి. ఆమెకు కోపం వచ్చి హాలు ఖాళీ చెయ్యమంటే అదీ నా మీదే. తాతగారు కూడా తల ఊపారు. నా వైపు అనుకున్న మనిషి.

వెళ్లాను. వెనకాల మెట్ల మీద సంఘమంతా, ఏమీ పట్టనట్టు మొహాలు పెట్టుకుని. ఓనరమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి నా మాట మొత్తం విన్నది.

"బకెట్టు నాది, చెట్టు నాది, మన్ను నాది, ఎరువు నా తమ్మునిది" అన్నది. "నువ్వు పోసింది చెంబు నీళ్లు. దానికి పువ్వు కొయ్యద్దంటావా? మా సామికి పెట్టినాను, ఆయనేం మొగం తిప్పుకోలేదే. మీ సామి అంత కోపిష్టివాడామ్మా?"

అక్కడ ఆగితే బాగుండేది. నేను ఆగే రకం కాదు. అవి ఉత్త నీళ్లు కావని, మా ప్రభువు రక్తమని గొంతు పెంచి చెప్పాను.

ఓనరమ్మ చెయ్యి జడ మీదికి పోయింది. పువ్వు పీకి, రెండు వేళ్లతో దూరంగా పట్టుకుంది. "రక్తమా? సోమవారం, శనివారం ఇంట్లో నీచు ముట్టనే నేను. మా గూట్లో సామికి రక్తం పోసిన చెట్టు పువ్వు పెట్టించినావా నాతో? నెల తిరిగేలోపల హాలు ఖాళీ చెయ్యండప్పా అందరూ."

మెట్ల మీద సంఘానికి అప్పుడు ప్రాణం వచ్చింది. ఆ హాలు పోతే హోసూరులో మాకు తెలుగు పాట పాడుకునే చోటు లేదు. క్వాలిటీ అన్న ముందుకు దూకి, రక్తమూ లేదు ఏమీ లేదు, కిలో నల్ల ద్రాక్ష మిక్సీలో వేసి పాస్టరమ్మ కాచిన రసమేనని ఆమెకు నచ్చచెప్పబోయాడు. తాతగారు ఆయన చొక్కా వెనకనుంచి పట్టుకుని, హాలు కోసం ప్రభువును కాదంటావా, పేతురు కూడా ఇలాగే అన్నాడు అని అరిచారు. ఓనరమ్మ ఒకసారి ఈయన్ను, ఒకసారి ఆయన్ను చూసి, ఇద్దరినీ వదిలేసి అయ్యగారి వైపు తిరిగింది.

"మీరు చెప్పండి సామీ. రక్తమా, రసమా?"

మా ఊళ్లలోనూ, మా హాల్లోనూ, ఎన్నేళ్లుగానో ఎవరూ తేల్చని ప్రశ్న అది. ఫ్యాన్ల వైపువాళ్లూ కిటికీ వైపువాళ్లూ మెట్ల మీద కలిసిపోయి మెడలు సాచారు. అయ్యగారు "అమ్మా, ఇది ప్రార్థనలో..." అని మొదలుపెట్టారు.

"ప్రార్థన మీరు పైకి పోయినాక చేసుకోండి. ఈడ జవాబు చెప్పండి."

ఆయన నుదురు తుడుచుకున్నారు. "తాగిన మాకు అది ప్రభువు రక్తమమ్మా. తాగిన మీ చెట్టుకు ద్రాక్షరసం" అన్నారు.

ఓనరమ్మ చేతిలోని పువ్వును గడప మీద పెట్టింది. "అట్ల చెప్పండి మరి. ఈ పాప రక్తమని భయపెట్టింది" అని చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. క్వాలిటీ అన్న తానే గెలిచానన్నాడు. తాతగారు తానే గెలిచానన్నారు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని పైకి పోయారు. అంతవరకు వాళ్లు అలా పోవడం ఎవరూ చూడలేదు. ఓడింది ఎవరయ్యా అంటే, నేను. ఆ వారమే బల్ల సామాను నా దగ్గరనుంచి తీసేసుకుని "అనుభవం ఉన్నవాళ్లు" చూస్తారన్నారు. అనుభవం ఉన్నవాళ్లంటే క్వాలిటీ అన్న. ఇక మిగలకుండా కొలిచి పోస్తానని ఆయన మాట ఇచ్చాడు. కొలత తప్పిన ఆదివారాల్లో తానే తలుపు వెనక్కి వెళ్లి గటగటా తాగేవాడు. అది నేను చూశాను. అడిగాను కూడా. "బేసిన్‌లో పొయ్యాలంటే ఎందుకో చెయ్యి రావడం లేదమ్మా" అన్నాడు. ఆ మాట మాత్రం పదిమందిలో అనలేదు. మా అమ్మ అంచు కుట్టి పంపిన బల్ల గుడ్డ కూడా సామానుతో పాటే పోయింది. అది నాకు ఇంతవరకు తిరిగి రాలేదు.

ఓనరమ్మ మాత్రం ఆ చెట్టు తనకు వద్దంది. రసమే అయినా, మనసుకు పడలేదట. "యాడికైనా ఎత్తుకపోమ్మా" అని బకెట్టుతో సహా నా గది ముందు పెట్టించింది. పెళ్లయి కృష్ణగిరికి వచ్చినప్పుడు సామాను ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. గురుబరపల్లి దగ్గర ఆటో గతుక్కుమంటే కాస్త మన్ను మా ఆయన కొత్త చెప్పుల మీద పడింది. దులుపుకోవద్దన్నాను. పెళ్లయిన వారంలోనే తాను ఎలాంటి మనిషిని చేసుకున్నాడో ఆయనకు తెలిసింది.

ఇప్పుడా చెట్టు మా పెరట్లో నేలలో ఉంది. చుట్టూ రాళ్లు పెట్టాను. రాళ్లు దాటితే మా పిల్లల్ని కూడా ఊరుకోను, రాలిన రేకుల్ని చెత్తలో వెయ్యనివ్వను. దానికి బల్ల రసం అంది ఎన్నో ఏళ్లయింది. ఇక్కడి చర్చిలో సామాను నాకు ఇవ్వరు. హోసూరు నుంచి ఎవరో ఫోను చేసి చెప్పి ఉంటారు. మొన్న ఓనరమ్మ తన మనవరాలి పెళ్లి పత్రిక ఇవ్వడానికి వచ్చి, కాఫీ తాగి, పెరట్లోకి నడిచింది. ముసలిదైంది, వంగిపోయింది, జడ వేలెడంత మిగిలింది. చెట్టును గుర్తుపట్టింది. అడక్కుండా ఒక పువ్వు తెంపి ఆ వేలెడు జడలో గుచ్చుకుంది. నేను నోరు తెరిచాను.

"బాగా పూసిందే" అన్నది, వేళ్లతో మన్ను కదిపి చూస్తూ. "ఎరువేం వేస్తుండావు?"

ఏమీ వెయ్యడం లేదన్నాను. వారం వారం మేకలవాడి దగ్గర బుట్టెడు పెంటికలు తెప్పించి, ఎవరూ చూడకుండా, నా చేతులతో ఒక్కొక్కటే చెట్టు మొదట్లో వేస్తున్న సంగతి ఆమెకు ఎందుకు చెప్పాలి? డాబా మీద ఏడుస్తూ పెంటికలు ఏరిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల వింటే నన్ను ఊరుకుంటుందా? ఓనరమ్మ వెళ్తూ వెళ్తూ, రాళ్లు దాటకుండా చుట్టూ తిరిగి పోయింది. నేను అడగలేదు. ఆమె అంతట ఆమే.