మావయ్యగారి కుర్చీలో విన్న పాట

ముందుగా నా రాతకి మన్నించాలి. ఏడో తరగతితో చదువు ఆపేశాను. గుణింతాలు తప్పుతాను, అక్షరాలు గీత మీద నిలబడవు. ఆయన గురించి ఇంట్లోవాళ్ళు ఎవరైనా నాలుగు మాటలు రాసిస్తే అందరం చదువుకుంటామని చుట్టుపక్కల చర్చి సంఘాల క్వయరు వాళ్ళు కబురు పెట్టారు. మా అత్తయ్య కలం తెచ్చి నా చేతిలో పెట్టారు. అందుకని రాస్తున్నాను.

మా మావయ్యగారు పోయిన మంగళవారం పొద్దున్న వెళ్ళిపోయారు. కాఫీ తాగి, గ్లాసు గట్టు మీద పెట్టి, కాస్త నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళారు. అత్తయ్య టిఫినుకి పిలవడానికి వెళ్ళేసరికే ప్రాణం లేదు. బాధ పడకుండా వెళ్ళారు. దేవుడికి స్తోత్రం.

ఆయన తాడేపల్లిగూడెం పోస్టాఫీసులో చేసి రిటైరయ్యి, కైకలూరు దగ్గర మా ఊరు వచ్చేశారు. గుడిలో క్వయరు నడిపింది ఆయనే. ఆయన శనివారం సాయంత్రాలు మీలో చాలామందికి తెలుసు. బుగ్గన లవంగం పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి, కళ్ళు తెరవకుండానే తప్పు పాడినవాళ్ళ వైపు వేలు చూపించేవారు. ఇంట్లో ఆయన ఎలా ఉండేవారో మీకు తెలియదు. అది నేను చెబుతాను.

ఇంట్లో ఆయనకి ఒక యాంప్లిఫయరు, ఒక క్యాసెట్ డెక్కు, నడుమెత్తు స్పీకరు పెట్టెలు రెండు ఉండేవి. వాటికి ఎదురుగా, సరిగ్గా మధ్యలో ఒక పేము కుర్చీ. అక్కడ కూర్చుంటేనే రెండు పెట్టెల పాట కలిసి ఒకటిగా వినిపిస్తుందనేవారు. అందులో ఇంకెవరూ కూర్చునేవారు కాదు. పాట పెట్టేముందు, రోహిణి ఎండల్లో అయినా సరే, ఫ్యాను ఆపేసేవారు. ఫ్రిజ్జు కూడా ఆపించేవారు. అత్తయ్య విసనకర్ర తీసుకుని చప్పుడు కాకుండా విసిరేవారు. విసనకర్ర కిర్రుమంటే ఆవిడ వైపూ వేలు లేచేది. పాట అయ్యీ అవకముందే ఎవరైనా బావుందండీ అంటే, "ముందు విను, తర్వాత మెచ్చుకో" అని మళ్ళీ మొదట్నుంచి పెట్టేవారు.

నేను కొల్లేటికోట నుంచి ఈ ఇంటికి వచ్చాను. మాది దోనెల మీద బతికిన ఇల్లు. పొద్దున్న మంచులో సరస్సు మీద మనిషి కనబడడు. తెడ్డు చప్పుడు విని ఎవరి దోనె వస్తోందో చెప్పడం మా పిల్లలకి ఆట. పుట్టింట్లో పాడేదాన్ని కూడా. పెళ్ళయ్యాక ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదు, నాకే నోరు పెగల్లేదు. మావయ్యగారి ఎదుట కూర్చునేదాన్ని కాదు, ఆయనతో సూటిగా మాట్లాడేదాన్నీ కాదు. ఆయన పక్కనే ఉన్నా, "అత్తయ్యా, మావయ్యగారికి అన్నం పెట్టేశానని చెప్పండి" అనేదాన్ని. అత్తయ్య నవ్వుకుంటూ, "ఏవండీ, అన్నం పెట్టిందట" అనేవారు. ఈ ఇంట్లో నా గొంతు ఎవరికీ వినబడకుండానే ముసలిదాన్నయిపోతానేమో అని దిగులుగా ఉండేది.

మావయ్యగారి చెల్లెలి భర్తకి ఏలూరులో కరెంటు సామాన్ల కొట్టుంది. ఆయన్ని నేను ఏలూరు మావయ్యగారు అంటాను. చాలా మంచి మనిషి, కొత్త వస్తువు కనిపిస్తే మాత్రం ఆగలేరు. ఒకరోజు అట్టపెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. లోపల గోడకి బిగించే ప్లగ్గు సాకెట్టు. మనం వాడేలాంటిది కాదు. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది, లోపలి రేకులకి బంగారు పూత.

"పై దేశాల్లో పాటల పిచ్చోళ్ళందరూ ఇదే పెట్టుకుంటున్నారంట బావా. నీ పాతది పీకేసి ఇది బిగించు. పాట గదిలోకి నడిచొస్తాది."

"స్తంభం నుంచి ఇంత దూరం పాత తీగ మీదే వచ్చింది కదా కరెంటు. చివర జానెడు దూరంలో బంగారం తగిలితే ఏమవుద్ది బావా?"

"పెట్టి చూడు. వినకుండా మాట్లాడకూడదని నువ్వే కదా అంటావు."

తన మాటే తనకి అప్పజెప్పేసరికి మావయ్యగారు లేచారు. బిగించారు, విన్నారు. ఆయన మొహం వెలిగిపోయింది. పక్కింటివాళ్ళని పిలిచారు. వాళ్ళూ విని తేనెలా ఉందన్నారు. తలుపు వెనక నిలబడి నేనూ విన్నాను. నాకు నిన్నటి పాటలాగే ఉంది. అందరూ పెద్దవాళ్ళు, నాకే తెలియడం లేదేమో అనుకున్నాను.

రెండు మూడు రోజులు పోయాక సాయంత్రం పూట పాట మళ్ళీ డల్లుగా ఉందని మావయ్యగారు విసుక్కున్నారు. ఏలూరుకి ఫోన్ చేస్తే, "ఒక్కటి మారిస్తే ఎక్కడ చాలుద్ది బావా? ఇంట్లో ఉన్నవన్నీ మార్చు. గుడిలోవి కూడా మార్చేస్తే క్రిస్మస్ పాటలు ఎలా మోగుతాయో చూద్దువు గాని" అన్నారు. మావయ్యగారు సరేనన్నారు. సంఘంలో కూడా చెప్పేస్తానన్నారు.

ఆ సాయంత్రం వంటింట్లో అత్తయ్యతో అన్నాను. "అత్తయ్యా, పాట మారేది సాకెట్టు వల్ల కాదండీ. మన వెనక రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు వేస్తారు కదండీ, నీళ్ళు చిమ్మే చక్రాలు. అవి తిరగడం మొదలవగానే కరెంటు తగ్గి, క్యాసెట్టు నెమ్మదించి, ఇక్కడ పాట కొంచెం దిగిపోతోందండీ. పాడే ఆవిడ గొంతే కిందకి దిగినట్టు ఉంటోంది."

"దిగడమేంటే?"

నేను ఆ పాట మొదటి ముక్క పొద్దున్న ఎలా ఉంటుందో సన్నగా పాడి చూపించాను. తర్వాత సాయంత్రం ఎలా ఉంటుందో వెంట్రుకవాసి దించి పాడాను. పెళ్ళయ్యాక నేను పాడింది అదే మొదలు. అత్తయ్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. గుమ్మం వైపు చూస్తే మావయ్యగారు నిలబడి ఉన్నారు. మర్నాడు సాయంత్రం పాట పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా మేడ ఎక్కారు. చెరువులో తెల్లటి నురగ లేవడం పైనుంచి చూస్తూ, కింద పాట వింటూ చాలాసేపు అక్కడే ఉన్నారు. దిగి వచ్చి, ఫ్రిజ్జుకున్న స్టెబిలైజరు తీసి డెక్కుకి పెట్టేశారు. పాట నిలబడింది. ఫ్రిజ్జులో పాలు విరిగిపోయాయని అత్తయ్య దెబ్బలాడారు.

ఆదివారం ఆరాధన అయ్యాక క్వయరు వాళ్ళందర్నీ కాఫీకి పిలిచారు. ఏలూరు మావయ్యగారూ వచ్చారు. సాకెట్ల సంగతి అందరి ఎదుటా తేలుద్దామన్నారు మావయ్యగారు. స్విచ్చి బోర్డుకీ, డెక్కుకీ, యాంప్లిఫయరుకీ అడ్డంగా దుప్పటి కట్టారు. దాని వెనక తను నిలబడి, "ఇది ఒకటో సాకెట్టు" అని పాట పెట్టి ఆపారు. కాసేపు లోపల టకటకలాడించి, "ఇది రెండోది" అని మళ్ళీ అదే పాట పెట్టారు. ఏది పాతదో ఏది కొత్తదో చెప్పలేదు.

"రెండోదేనండీ. ఎంత తేడా ఉందో చూడండి" అంది క్వయరులో పెద్దామె. చప్పట్లు కొట్టి మిగతావాళ్ళూ రెండోదే అన్నారు. ఏలూరు మావయ్యగారు కాలు మీద కాలేసుకుని, "నేను ముందే చెప్పానా లేదా?" అన్నారు.

మావయ్యగారు దుప్పటి పక్కనుంచి తల బయటికి పెట్టి వంటింటి గుమ్మం వైపు చూశారు. "నువ్వు చెప్పలేదేమ్మా."

నేను అలవాటుగా అత్తయ్య వైపు తిరిగాను. "అత్తయ్యా, రెండూ ఒకటేనని చెప్పండి" అన్నాను.

"ఆ ముక్క మీ అత్తయ్యకి ఎందుకు? నాకు చెప్పు. వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చెప్పు."

అత్తయ్య వెనకనుంచి నడుం మీద చెయ్యేసి చిన్నగా తోశారు. మావయ్యగారి పేము కుర్చీలో, అంతమంది ఎదుట, కొంగు నిండా కప్పుకుని కూర్చున్నాను. ఆయన మళ్ళీ రెండుసార్లు పెట్టారు. ఆయన చెప్పేది నిజమేనని అప్పుడే తెలిసింది. ఆ కుర్చీలో పాట ఎదురుగా మనిషి నిలబడి పాడినట్టు ఉంది.

"రెండూ ఒకటేనండీ మావయ్యగారూ" అన్నాను. ఆయనతో నేను సూటిగా అన్న మొదటి మాట అదే. "రెండోసారి సౌండు కాస్త పెంచారండీ. అంతే తేడా."

మావయ్యగారు దుప్పటి లాగేశారు. బోర్డుకి ఉన్నది ఒక్కటే సాకెట్టు, పాతది. కొత్తది ఆయన లాల్చీ జేబులోంచి బయటికి తీసి ఏలూరు మావయ్యగారి చేతిలో పెట్టారు.

"పొద్దున్నే ఊడదీశాను బావా. ఇందాకట్నుంచి మీరు మెచ్చుకున్నది నా పాత సాకెట్టునే. నాబు కొంచెం తిప్పాను, అమ్మాయి అదీ పట్టుకుంది."

"అయితే నేను అబద్ధాలాడానంటావా?"

"ఎందుకంటాను? నాకూ మొదటిరోజు తేనెలాగే వినబడింది కదా. బంగారం కంటితో చూశాక చెవి మన మాట ఎక్కడ వింటుంది? గుడిలో మైకు దగ్గర సాకెట్టు వదులైపోయి నిప్పురవ్వలొస్తున్నాయి. అది మార్చాలి, నువ్వే వచ్చి మార్చు. వదులైతే మార్చాలి, కాలితే మార్చాలి. పాట తియ్యగా ఉండాలని మాత్రం మార్చక్కర్లేదు."

ఏలూరు మావయ్యగారు సాకెట్టుని అటూ ఇటూ తిప్పి చూసి, నా వైపు చూసి, "ఈ పిల్ల మా కొట్టుకి వస్తే నా వ్యాపారం మూసుకోవాలి బావా" అన్నారు. ముందు అత్తయ్య నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. నేను కుర్చీలోంచి లేవబోతే మావయ్యగారు కూర్చోమన్నట్టు చెయ్యి చూపించి, "ఇంత వినేదానివి, పాడకుండా ఎలా ఉంటున్నావమ్మా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే, "శనివారం గుడికి రా. శ్రుతి నువ్వే ఎత్తుకోవాలి" అన్నారు.

మా ఆయన కైకలూరులో ఐసు ఫ్యాక్టరీలో చేస్తారు. సాయంత్రం వచ్చి సంగతి విని, "ఆ కుర్చీలో నన్నే ఎప్పుడూ కూర్చోనివ్వలేదు మా నాన్న" అన్నారు. కాసేపు కుళ్ళుకున్నారు కూడా.

ఆ క్రిస్మస్‌కి ఏలూరులో సంఘాలన్నీ కలిసినప్పుడు పాట ఎత్తుకున్నది నేనే. మీలో చాలామంది అక్కడున్నారు. ఆ రోజు మావయ్యగారు క్వయరు ముందు నిలబడలేదు. చివరి బల్ల మీదకి వెళ్ళి కళ్ళు మూసుకుని కూర్చున్నారు. వేలు ఒక్కసారి కూడా లేవలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, కైకలూరు దగ్గరపడ్డాక, వెనక్కి తిరిగి, "గొంతు దేవుడిస్తాడు, చెవి మనమే పెంచుకోవాలి. నీకు రెండూ ఉన్నాయి" అన్నారు. మెచ్చుకోవడానికి అంత దూరం వచ్చేదాకా ఆగారు.

ఆయన్ని సమాధికి తీసుకెళ్ళిన రోజు మీరందరూ వచ్చారు. పెట్టె మోసేవాళ్ళు పడకుండా నడవాలంటే సమాధులకి వెళ్ళే ఆ ఇరుకు చెరువు గట్టు మీద అడుగులన్నీ ఒక్కలా పడాలి. పాస్టరుగారు నన్ను పిలిచి, "అమ్మా, ఆడవాళ్ళు వెనక నడవడం మన అలవాటే, కానీ ఇవాళ నువ్వు ముందు నడు. అందరికీ శ్రుతీ తాళమూ నీ దగ్గర్నుంచే అందాలి" అన్నారు. పెట్టెకి ముందు నడుస్తూ పాట ఎత్తుకున్నాను. ఏడవలేదు, ఏడిస్తే శ్రుతి పోతుంది. నా వెనక అన్ని సంఘాల గొంతులూ ఒక్కటిగా లేచాయి, ఒక్క గొంతూ పక్కకి పోలేదు. చెరువులో గూడబాతులు ఉన్నాయి. ఇంతమందిని చూసి ఎగిరిపోతాయనుకున్నాను. ఎగరలేదు. పొడవాటి ముక్కులు మా వైపు తిప్పి, పాట గట్టు చివరికి వెళ్ళేదాకా నీళ్ళ మీద అలాగే తేలుతూ చూశాయి.

అందరూ చదవడం అయ్యాక ఈ కాగితాలు పొయ్యిలో వేసేయండి. ఈ వంకర అక్షరాలు ఎవరూ దాచుకోవద్దు. నేను చెప్పేది వినాలంటే శనివారం సాయంత్రం గుడికి రండి. ముందు వరసలోనే ఉంటాను.