డైమ్లర్ మీద పులి

నన్ను చూడటానికి వస్తానని ఒప్పుకున్న నాలుగో అబ్బాయి నిజానికి నా కోసం రాలేదు. మా నాన్న నడిపే కారు చూడటానికి వచ్చాడు. ఈ సంగతి మధ్యవర్తే మా అమ్మ చెవిలో ఊదాడు. ఆ అబ్బాయి విదేశీ కార్లు బాగుచేసే గ్యారేజీలో మెకానిక్. అక్కడికి ఎప్పుడో ఒక జాగ్వార్ వచ్చి పోయిందట. అప్పటి నుంచి మరొకటి చూడాలని ఒకటే ఆరాటమట. పిల్ల తండ్రి జాగ్వార్ నడుపుతాడని మధ్యవర్తి అన్నాడో లేదో, ఆదివారమే పోదామన్నాడట.

చిక్కల్లా ఒకటే. మా నాన్న నడిపేది జాగ్వార్ కాదు, డైమ్లర్.

బొంబాయిలోని మలబార్ హిల్‌లో ఒక ముసలి పార్సీ ఆవిడ దగ్గర నాన్న డ్రైవరు. మేం ఆవిడను బాయి అనేవాళ్లం. భర్త పోయాక కూడా బాయి ఆయన కారును అమ్మలేదు. మిల్లుల సమ్మె సాగుతున్న రోజులవి. రోడ్డు మీద ఎటు చూసినా ఫియట్లూ అంబాసిడర్లే. వాటి మధ్య మెరూన్ రంగు డైమ్లర్ వెళ్తుంటే జనం నిలబడి చూసేవాళ్లు. ఆదివారం పొద్దున నాన్న దాన్ని తుడవడానికి వెళ్తే నేనూ వెళ్లేదాన్ని. గల్లీలో రవికలు కుట్టి కుట్టి మెడ పట్టేసిన నాకు, ఆ చెక్క డ్యాష్‌బోర్డునూ తోలు సీట్లనూ తుడవటం పండగలా ఉండేది.

అలా తుడుస్తూ తుడుస్తూ తెలిసిన సంగతులివి. జాగ్వార్‌కూ డైమ్లర్‌కూ ఒళ్లు ఒకటే. ఒకే కంపెనీ ఒకే అచ్చులో రెండింటినీ పోసి, ఒకదాని బోనెట్ మీద దూకే చిరుతను, రెండోదాని మీద డి అక్షరాన్ని నిలబెట్టింది. డైమ్లర్ ముందు జాలీ పైఅంచు చీర కుచ్చిళ్లలా మడతలు మడతలుగా ఉంటుంది. వెనక నంబరు ప్లేటు మీది దీపం గూటికీ అవే కుచ్చిళ్లు. చక్రాల మూతల మీదా డి అక్షరమే. జాగ్వార్‌లో ముందు సీట్లు విడివిడిగా ఉంటాయి. మా దాంట్లో రెండూ ఒకదానికొకటి ఆనుకుని బల్లలా ఉండేవి. జాగ్వార్ మరీ ఆడంబరంగా ఉందని బాయి భర్త డైమ్లర్ కొన్నాడట. డబ్బున్నవాళ్ల అణకువ కూడా ఎంత నాజూగ్గా ఉంటుందో అని నాకు నవ్వొచ్చేది.

మా గల్లీలో డైమ్లర్ పేరు ఎవరికీ నోరు తిరగదు. జాగ్వార్ అంటే పులి బొమ్మ బండి అని అందరికీ తెలుసు. అందుకని అమ్మ ఎవరు అడిగినా మా ఆయన నడిపేది పులి బండి అనేది. అదేమిటమ్మా అంటే, "రెండూ ఒకటే గదనే, పేరే గద తేడా" అనేది.

పేరు మార్చి చెప్పటం మా ఇంట్లో కొత్త కాదు. మాది కామాటిపురా, పదకొండో గల్లీ. కానీ ఎవరడిగినా నాన్న గ్రాంట్ రోడ్ అనేవాడు. గల్లీలో అందరూ అంతే. మేం దిగే స్టేషను అదే కాబట్టి పచ్చి అబద్ధం అనడానికీ లేదు. కామాటిపురా అనగానే అక్కడ సాగే పడుపు వ్యాపారం ఒక్కటే దేశానికి గుర్తొచ్చేది. ఆ ఇళ్లలోని ఆడవాళ్లు నా దగ్గర రవికలు కుట్టించుకునేవాళ్లు. కొలతలిచ్చేటప్పుడు నన్ను నవ్వించేవాళ్లు. వాళ్లతో నాకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది అంతా నన్ను చూడవచ్చేవాళ్లతోనే. మొదటి ముగ్గురూ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి ఆ పేరు విని, ముఖం ఒకలా పెట్టి, జాతకాలు కలవలేదని కబురు పెట్టారు. ఇల్లు తెలిశాక జాతకాలు మారిపోవటం అప్పుడే చూశాను.

ఈ నాలుగో అతని ఫోటో మధ్యవర్తి ముందే తెచ్చాడు. ఫోటో తీయించుకోవడానికి కూడా నూనె మరకల చొక్కాతోనే నిలబడి, చెవుల దాకా నవ్వుతున్నాడు. నాకు నచ్చాడు. నచ్చాడని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఈసారి తప్పిపోకూడదని గట్టిగా అనుకున్నాను.

నాన్న కూడా అదే అనుకున్నాడు, కాకపోతే తన పద్ధతిలో. వాళ్లు ఇల్లు చూడకుండా పెళ్లిచూపులు సముద్రం ఒడ్డున చౌపాటీలో పెట్టాడు. ఆదివారం కారు వాడుకోమని బాయి అనుమతిచ్చింది. శనివారం నాన్న పాత సామాన్లమ్మే చోర్ బజార్‌కు వెళ్లి, కాగితంలో చుట్టి ఏదో తెచ్చాడు. విప్పితే ఇత్తడి మీద తళతళలాడే పూత వేసిన, దూకుతున్న చిరుత.

అమ్మ నెత్తి కొట్టుకుంది. "పెండ్లికి పోతు పిల్లిని సంకల పెట్టుకున్నట్టున్నది నీ యవ్వారం!"

"పిల్లి గాదు, పులి" అన్నాడు నాన్న. "వెయ్యి అబద్ధాలాడి ఒక్క పెండ్లి చెయ్యమన్నరు పెద్దలు."

"వెయ్యి నువ్వాడితే కాపురం నేను చెయ్యాలె గద నాయినా" అన్నాను. "ఇంటి సంగతి ఎప్పుడు చెప్తవు?"

"పెండ్లయినంక" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆదివారం పొద్దున్నే బోనెట్ ఎత్తి, కింది నట్లు విప్పి డి తీశాడు. అది పోకుండా నా పాత రుమాలులో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాడు. పులి కాళ్లకు ఆ రంధ్రాలు సరిపోలేదు. ఎంత బిగించినా ఎడమ పక్కకు ఒరిగి, దూకాలా మానాలా అని ఆలోచిస్తున్నట్టు నిలబడింది.

గ్రాంట్ రోడ్ స్టేషను దగ్గర తల్లీకొడుకులను ఎక్కించుకున్నాం. వెనక నేను, అమ్మ, అతని తల్లి. అతను ముందు కూర్చుని సీటు మీద చెయ్యి పెట్టాడు.

"సీట్లు గిట్ల కలిసున్నయేంది మామా?"

"బాయి మార్పించింది" అన్నాడు నాన్న. అబద్ధానికి అబద్ధం తోడు.

చౌపాటీలో ఎండ ఇంకా ముదరలేదు. కారు దిగగానే అతను నన్ను చూడాలి. మర్యాద అదే. నేను కొత్త చీర సర్దుకుని తల కొంచెం వంచి నిలబడ్డాను కూడా. అతను మాత్రం కారు ముందుకు వెళ్లి జాలీ మీద మడతలను వేలితో తడిమాడు. వంగి చక్రం మూత చూశాడు. వెనక్కి వెళ్లి నంబరు ప్లేటు మీది దీపం చూశాడు. నా ముందు నుంచే తిరిగాడు, నేనొక దీపస్తంభం అయినట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మామా, ఒక్కసారి స్టార్ట్ చెయ్యి" అన్నాడు.

నాన్న చేశాడు. అతను కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత బోనెట్ మీద పులిని పట్టుకుంటే అది అతని చేతిలో గిర్రున తిరిగింది.

"జాగ్వార్‌కు ఆరు సిలిండర్లే ఉంటయి. దీనికి ఎనిమిదున్నయి. మామా, గీ పులి ఏడికెల్లొచ్చింది?"

అతని గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగాడు. నాన్న ఇంజను ఆపి, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. బొంబాయి ట్రాఫిక్‌లో ఏనాడూ తడబడని మనిషి, దిగటం మర్చిపోయాడు.

అతని తల్లి ముఖం ఎర్రబడింది. "బండి పేరే ఝూట్ చెప్పినోళ్లు, ఇంకేమేం ఝూట్ చెప్పిన్రో!"

"రెండూ ఒకటే గద వదినా" అని అమ్మ గొణిగింది.

నాన్నను అలా చూడలేకపోయాను. కోపం నాన్న మీదో, వాళ్ల మీదో, అంతకుముందు వచ్చిపోయిన ముగ్గురి మీదో తెలియదు కానీ నోరు ఆగలేదు.

"పులి చోర్ బజార్‌ది. బండి పేరు డైమ్లర్. ఇంకో ఝూట్ గూడ ఉన్నది, అది గూడ ఇనుండ్రి. మా ఇల్లు గ్రాంట్ రోడ్ల లేదు. కామాటిపురా, పదకొండో గల్లీ. ముగ్గురు ఆ పేరు ఇనే పోయిన్రు, మీరు గూడ పోతే పోండ్రి. పాలమూరికెల్లొచ్చి ఈ ఊరికి రాళ్లు మోసిన్రు మా తాతలు. ఆ కూలోళ్లనే కామాటోళ్లంటరు, వాళ్ల పేరే గల్లీలకు పెట్టిన్రు. పేరు మాది. సిగ్గు ఎవరిదో తెచ్చి మేమెందుకు మొయ్యాలె?"

అన్న తర్వాత నచ్చినవాణ్ని నా నోటితో నేనే పోగొట్టుకున్నానని అనిపించి ఏడుపొచ్చింది. ఏడవకూడదని సముద్రం వైపు తిరిగాను.

వెనక నుంచి అతని గొంతు వినిపించింది. "అమ్మా, నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

ఆవిడ కొంగు సర్దుకుంది. సర్దుకున్న కొంగునే మళ్లీ సర్దుకుంది.

"మాది మాతుంగా అని చెప్పినం గద" అన్నాడు అతనే. "మాతుంగా గాదు. ధారావి, గుడిసెల పేట. మాకు గూడ ఇద్దరు పిల్ల తరపోళ్లు ఆ పేరు ఇనే పోయిన్రు."

"దిగేది మాతుంగాలనే గదరా!" అంది ఆవిడ.

"మేము గూడ గ్రాంట్ రోడ్లనే దిగుతం వదినా" అంది మా అమ్మ, ఎంతో గంభీరంగా.

ముందు ఎవరు నవ్వారో నాకు గుర్తులేదు. ఆవిడే అని అమ్మ అంటుంది. నాన్న మాత్రం నవ్వలేదు. కారు దిగి, ముక్కు చీది, ఆవిడ వైపు చూసి, "తప్పైంది చెల్లె" అన్నాడు. "నాది గూడ తప్పే గద అన్నా" అందావిడ.

అతను నాన్న దగ్గర పానా అడిగి తీసుకుని పులిని విప్పేశాడు. నేను వెళ్లి అరలోంచి రుమాలు తెచ్చి ఇచ్చాను. అతను డి బయటికి తీసి, తన తెల్ల చొక్కా అంచుతోనే తుడిచి, బిగించాడు. అది దాని చోట్లో చక్కగా కూర్చుంది.

"చూసినవా మామా, డి అంటే ధారావి. నాలుగు చక్రాల మీద గూడ మా పేటనే రాసిపెట్టిన్రు. నువ్వే పులి పెట్టి దాచినవు."

అలా అంటూ పానా పట్టుకుని నా వైపు తిరిగాడు. వచ్చినప్పటి నుంచి నన్ను చూడటం అప్పుడే. ఫోటోలో ఉన్న నవ్వే అది. నేను తల వంచలేదు. ఇంకెందుకు వంచాలి?

అతని తల్లి కారు తలుపు తీసి కూర్చుంది. "ఇల్లు సూడకుంట పిల్లను సూసినట్టెట్లయితది? పోనియ్యి అన్నా, మీ గల్లీకి."

నాన్న అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ కారును మా గల్లీకి తేలేదు. బాయి ఇంటి దగ్గర పెట్టి, బస్సెక్కి వచ్చేవాడు. ఆ రోజు ఫాక్‌లాండ్ రోడ్ మీదుగా తెచ్చాడు, చేతిబండ్లనూ పిల్లలనూ తప్పించుకుంటూ, పెళ్లి ఊరేగింపంత నెమ్మదిగా. ఒక ఇంటి మెట్ల మీద కూర్చుని తల దువ్వుకుంటున్న ఆడమనిషి నన్ను గుర్తుపట్టి, దువ్వెన ఊపి, "క్యా రే, షాదీ క్యా?" అని అరిచింది. నేనూ చెయ్యి ఊపాను.

"ఎవరామె?" అంది అతని తల్లి.

"నా దగ్గర రవికలు కుట్టించుకుంటది."

ఆవిడ ఆ మనిషిని కారు మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత ఆవిడ తన రవిక చెయ్యి లాగి నాకు చూపించింది. "ఇగో, గీడ ఎప్పటికీ బిగుసుకపోతది. సక్కగ కుడ్తవా?"

కుడతానన్నాను. పెళ్లికి ఆవిడ కట్టుకున్న రవిక నేను కుట్టిందే.

శుభలేఖలకు నాన్నా నేనూ ఫాక్‌లాండ్ రోడ్‌లోని ప్రెస్సుకు వెళ్లాం. మా గల్లీ పెళ్లిళ్లన్నిటికీ కార్డులు అచ్చేసిన మనిషాయన, అలవాటు కొద్దీ మేం చెప్పకుండానే చిరునామా రాసేశాడు. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని కాగితం దగ్గరగా పట్టుకున్నాడు. గ్రాంట్ రోడ్ అన్నచోట వేలు పెట్టి ఆగాడు. నేను అనాల్సిందంతా చౌపాటీలోనే అనేశాను.

"ఇది కొట్టెయ్యి" అన్నాడు నాన్న. "కామాటిపురా అని పెట్టు. పెద్దక్షరాలల్ల పెట్టు, ముసలోళ్లకు గూడ కనవడాలె."