ఏడుగురి దమ్ము

నెక్కొండ రోడ్డు మీదున్న మా ఆడపిల్లల హాస్టల్ బడిలో సుభాషిణి పీఈటీ, నేను వార్డెన్‌ని. ఆమెది పాలంపేట, వరి పండించుకునే కుటుంబం. కబడ్డీలో జిల్లా దాటి ఆడింది, మోకాలు పోయాక విజిల్ పట్టుకుంది. చాలామంది పీఈటీల్లా నీడలో కుర్చీ వేసుకుని పిల్లల మీద అరిచి ఊరుకుంటే నాకు ఈ కథ చెప్పే పని ఉండేది కాదు. ఆమెకు పుస్తకాల పిచ్చి. కథలూ నవలలూ కాదు, కోచ్‌లు చదవాల్సిన పుస్తకాలు. జట్టును ఎలా నడపాలి, ఓడినవాళ్లతో ఏం మాట్లాడాలి, నాయకుడు ఎక్కడ నిలబడాలి, ఇవీ ఆమె చదువులు. హనుమకొండ చౌరస్తాలో పాత పుస్తకాలమ్మే చోట ఇంగ్లిష్‌వి ఏరి తెచ్చుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని కూర్చునేది.

పక్క బడికి కొత్తగా వచ్చిన పీఈటీ నవీన్ ఒకసారి "మేడం, పిల్లలకు ఏం ప్రాక్టీస్ పెట్టాలె?" అని అడిగితే, అతని చేతిలో మూడు పుస్తకాలు పెట్టింది.

"ముందుగాల ఇవి సదువు తమ్మీ. కోచ్‌కు కాళ్ల కన్న చెవులు బాగ పని చెయ్యాలె. ఆట తర్వాత నేర్పుదువు గాని."

ఆ అబ్బాయి తెల్లమొహం వేశాడు. "చదవేస్తే ఉన్న మతి పోయిందట" అని నేను ఆమె ముందే అనేదాన్ని. కోపం తెచ్చుకోకుండా నవ్వేది. ఆ నవ్వంటే నాకు ప్రాణం.

మొదట ఆ పుస్తకాల వల్ల మంచే జరిగింది. పిల్లల్ని తిట్టడం మానేసింది. ఓడి వచ్చిన రోజు అన్నాలు తిన్నాకే ఆట మాట ఎత్తేది. కెప్టెన్‌ని తను ఎంచకుండా వాళ్లనే ఎంచుకోమంది. వాళ్లు అందరికన్నా తక్కువ మాట్లాడే హారికను ఎంచుకున్నారు.

తర్వాత పడవ పందేల కోచ్ ఒకాయన రాసిన పుస్తకం దొరికింది. తెడ్లు వేసేవాళ్లందరి శ్వాస ఒకటైనప్పుడే అది జట్టు అవుతుందని అందులో ఉంది. ఆయనేదో మాటవరసకు రాసి ఉంటాడు. కబడ్డీ మనిషికి శ్వాస మాటవరస కాదు కదా. కూతకు వెళ్లిన పిల్ల ఒక్క దమ్ములో ఎదుటివాళ్లను తాకి మధ్య గీతకు తిరిగి రావాలి. దమ్ము తెగితే అవుట్. సుభాషిణి ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టే తీసుకుంది.

"ఒక్కతి కూతకు పోతే మిగిలిన ఆరుగురు గూడ దమ్ము పట్టాలె. ఆమె గీత తాకినంకనే ఇడవాలె" అని పిల్లలకు చెప్పింది.

"ఇదేం పద్ధతి సుభా? కండ్లు తిరిగి పడిపోతరు" అన్నాను.

"ఏం గాదక్కా, ఫికర్ చెయ్యకు. తను ఒంటరిగ లేనని ఆ పిల్లకు తెల్వాలె, గంతే."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇక నేనేం చెప్పను?

జట్టు గెలవసాగింది. కూతకు వెళ్లే దీప బక్కపలచని పిల్ల, మరిపెడ దగ్గర కూలి చేసుకునేవాళ్ల బిడ్డ. అంతకు ముందు దమ్ము చాలక మధ్యలోనే దొరికిపోయేది. ఇప్పుడు ఇద్దరు కాళ్లు పట్టి లాగినా కూత తెగదు. ఇటువైపు ఆరుగురూ నోళ్లు మూసుకుని, రెప్ప వేయకుండా నిలబడేవారు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేవారు. నాకు ఒళ్లు జలదరించేది.

ఎందుకంటే హాస్టల్లో వాళ్లతో ఉండేదాన్ని నేను. ఒకరి పేరు పిలిస్తే ఏడుగురూ తిరిగేవారు. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ల గది ముందు నుంచి వెళ్తుంటే, లోపల ఒక్కరే, ఎవరో చాలా పెద్ద మనిషి నిద్రపోతున్నట్టు వినిపించేది. తొంగి చూస్తే ఏడు దుప్పట్లు ఒకేసారి లేచి ఒకేసారి దిగేవి. ఒకరోజు దీపకు ఎక్కిళ్లు వచ్చాయి. ఎక్కడో చివర కూర్చున్న హారిక నీళ్లు తాగింది, దీప ఎక్కిళ్లు ఆగాయి. పరుగున వెళ్లి సుభాషిణికి చెప్పాను.

"మంచిదే గదక్కా" అంది. ఈసారి మాత్రం నవ్వలేదు. ఆమెకూ భయం పట్టుకుందని నాకు అప్పుడే తెలిసింది.

పెద్దనాన్న కూతురి పెళ్లని దీప ఇంటికి వెళ్లింది. పెళ్లి మర్నాడు మధ్యాహ్నం ఇక్కడ పిల్లలు భోజనానికి కూర్చున్నారు. నేను పప్పు వడ్డిస్తున్నాను. హారిక చేతిలో ముద్ద ఆగిపోయింది. పక్క పిల్ల చెయ్యీ ఆగింది. జట్టులోని ఆరుగురి చేతులూ ఆగాయి. చుట్టూ మిగతా పిల్లలు తింటూ కబుర్లాడుకుంటూనే ఉన్నారు. ఈ ఆరుగురి కళ్లు తెరిచే ఉన్నాయి, ఛాతీలు కదలడం లేదు.

"ఏమైందే?" అని కుదిపాను, వీపు మీద చరిచాను. ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. "సుభా!" అని కేక పెట్టాను.

సుభాషిణి పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక్క చూపులో ఆమెకు అర్థమైంది.

"దమ్ము పట్టిండ్లక్కా. దీప ఏడనో కూతల ఉన్నది. వీళ్లు పట్టుకోని ఉన్నరు."

"ఇడువుమని చెప్పు!"

"ఇడిస్తే దీప అవుటైతది."

చివర కూర్చున్న పిల్ల ముక్కులోంచి రక్తం కారింది. హారిక కళ్లు తేలేసింది. "నీ కండ్ల ముందట ఆరుగురు సస్తాండ్లే!" అని అరిచాను. సుభాషిణి మెడలోని విజిల్ నోట్లో పెట్టుకుంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. పొడుగ్గా ఊదింది. ఊదుతూ, కూత తెగినప్పుడు ఎత్తినట్టే చెయ్యి పైకెత్తింది.

ఆరుగురూ ఒక్కసారిగా గాలి పీల్చారు. ఆ తర్వాత దగ్గులు, వాంతులు, ఏడుపులు. ఎన్నో నెలల తర్వాత ఎవరి ఏడుపు వాళ్లు ఏడ్చారు.

వాళ్లు ఇంకా నీళ్లు తాగుతుండగానే మరిపెడ నుంచి ఫోన్ వచ్చింది. దీప చిన్నాయన కట్టయ్య.

"కాళ్లు కడుక్కుందామని పోయి కాల్వల జారింది మేడం. నీళ్ల అడుగున దొరికింది. అంత సేపు మునిగినా కండ్లు తెరుసుకోనే ఉండె, పానంతోనే ఉండె. పట్టుకోని గుంజుకస్తానం. ఒడ్డు మూరెడు దూరం. గప్పుడు నీళ్లల్లనే నోరు తెరిశింది. గంతే మేడం."

ఫోన్ పెట్టేశాను. సుభాషిణి స్థానంలో నేనున్నా విజిల్ ఊదేదాన్ని. తప్పంటే ఎవరైనా వచ్చి నా మొహం మీద అనమనండి. తనకీ ఇదే చెప్పాను. ఆమె విన్నదో లేదో తెలియదు.

దీపను సాగనంపి మరిపెడ నుంచి వచ్చిన సాయంత్రం, ఆరుగురూ కోర్టు పక్కన కూర్చుని ఉంటే సుభాషిణి వెళ్లి మధ్యలో కూర్చుంది. ఓడినవాళ్లతో ఏం మాట్లాడాలో అన్ని పుస్తకాలు చదివిన మనిషి, ఒక్క మాటా దొరక్క నేల గీకుతూ ఉండిపోయింది. చివరికి హారికే నోరు తెరిచింది. ఆ గొంతులో కోపం లేదు, ఆట గురించి అడిగినట్టే అడిగింది.

"మేడం, దీప గీత దగ్గరికి వచ్చింది. మాకు తెలుస్తనే ఉండె. ఇంక జరంత సేపు పట్టేటోళ్లం. విజిల్ ఎందుకు ఊదిండ్రు?"