ఎదురెదురు సింహాలు

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి మా ఆవిడకు తెలుసు, దోహా నజ్మాలో నేను పనిచేసిన ఎంబ్రాయిడరీ షాపులో అందరికీ తెలుసు. ఆ నోటితోనే ఒకరోజు, షాపులో మేమంతా చిచ్చా అని పిలిచే పెద్దాయనను అనరాని మాట అన్నాను.

ఫుట్‌బాల్ వరల్డ్ కప్ దగ్గర పడుతోంది. దోహాలో ఏ వీధి చూసినా తవ్వకాలే. ఒక హోటల్ వాళ్లు తమ హాల్లో వేలాడదీయడానికి యూరప్ రాజవంశాల చిహ్నాలు చేతిపనితో కావాలన్నారు. వెల్వెట్ మీద జరీతో డాళ్లు, కిరీటాలు, సింహాలు. బొమ్మ గీసిచ్చేది నేను, కుట్టేది చిచ్చా. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ. నలభై ఏళ్లు పెళ్లిబట్టల మీద జర్దోసీ చేసిన చెయ్యి. చూపు తగ్గుతోందని అప్పటికే ఓనర్ చెవిన పడింది. "ఈ ఆర్డర్‌లో తప్పొస్తే టికెట్ కొట్టి ఇంటికి పంపిస్తా" అని ముఖం మీదే చెప్పాడు. చిచ్చా చిన్నకూతురి నర్సింగ్ చదువు ఇంకో ఏడాది ఉంది.

బెల్జియం రాజుల సింహం ఎడమన, నెదర్లాండ్స్ రాజుల సింహం కుడిన, పక్కపక్కనే వేలాడాలి. రెండూ వెనక్కాళ్ల మీద లేచి, ఎర్రటి నాలుకలు చాపి ఉంటాయి.

"ఏం బేటా, మిర్చి బజ్జీలు తిన్నయా ఇవి?" అని నవ్వుకుంటూ చిచ్చా చట్రం ముందు కూర్చున్నాడు.

పని అయ్యాక రెండూ పక్కపక్కన పరిచి చూశాను. నేను గీసిన బొమ్మల్లో రెండు సింహాలూ ఎడమవైపే చూస్తున్నాయి, అక్కడి రివాజు అదే. చిచ్చా బొమ్మ కాగితం తిరగేసి, బెల్జియం సింహాన్ని కుడివైపుకు తిప్పేశాడు!

"కండ్లు పోయినయా నీకు? గుడ్డోనితోని పని చేయిస్తున్నమా మేము?" అని అరిచాను.

చిచ్చా తల ఎత్తలేదు. "జోడీ ఒకదానికొకటి వీపు పెడ్తదా బేటా? పెండ్లి బట్టల మీద నెమళ్లయినా, చిలకలయినా మొగం మొగం చూసుకోవాలె. లేకుంటే ఆ ఇంట్ల కొట్లాటలే అంటరు. చెయ్యి అట్లనే పోయింది."

ఆ మధ్యాహ్నం చిచ్చా కూతురి చదువు గుర్తొచ్చింది. ఆయన్ని కాపాడే దారేమైనా దొరుకుతుందేమోనని ఫోన్‌లో వెతికాను. దొరికింది! రాజుల పెళ్లిళ్లలో భర్త డాలు, భార్య డాలు పక్కపక్కన పెడితే, ఎడమన ఉండే భర్త డాలులోని సింహాన్ని భార్య వైపు తిప్పేవారట. వీపు చూపించడం మర్యాద కాదని.

మర్నాడు పొద్దున్నే ఓనర్‌ను వెంటబెట్టుకుని హోటల్‌కు వెళ్లాను. అలంకరణ చూసే మేడమ్‌ది యూరపే. రెండు డాళ్లూ గోడకు ఆనించి, ఫోన్ చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో విషయం చెప్పాను. ఆమె దగ్గరికొచ్చి రెండు సింహాలనూ మార్చి మార్చి చూసింది. ఓనర్‌కు చెమటలు పడుతున్నాయి. చివరికి, వాళ్ల అమ్మమ్మ పెళ్లినాటి పళ్లెం మీద రెండు డాళ్లు ఇలాగే ఉండేవని చెప్పింది. తక్కిన జతలూ ఇలాగే కావాలంది. "యల్లా, పదండి, పని చూడండి" అన్నాడు ఓనర్, నా వైపు చూడకుండా.

షాపుకు పరుగెత్తి చిచ్చా చేతులు పట్టుకున్నాను. "ఖుష్ అయిపో చిచ్చా, నీ టికెట్ లేదు. నేనన్నది తప్పయింది, మాఫ్ చెయ్యి" అన్నాను.

చిచ్చా ముందు నవ్వాడు. తర్వాత చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నువ్వన్నది అబద్ధమేం కాదు బేటా. వాటి మొగాలు నాకు కనబడ్తలేవు. వేలితోని తడిమి, నాలుకలు ఎదురెదురు వచ్చినయని చూసుకున్న."

ఆ రోజు నుంచి, యూరప్ రాజులందరి సింహాలకూ సూదిలో దారం నేనే ఎక్కించాను.