ఎడమ భుజం సంచి

పద్దెనిమిదేళ్లుగా కండక్టరమ్మ తోలుసంచి ఎడమ భుజానికే వేలాడేది. రద్దీలో ఎవరి మోచెయ్యి మీదికొచ్చినా ఆ సంచినే రొమ్ముకి అడ్డం పెట్టుకునేది. రెండు నెలల కిందట అదే రొమ్ములోంచి గోళీకాయంత గడ్డ తీశారు; భయపడాల్సిందేం కాదన్నారు. మచ్చకి ఒరుసుకుంటోందని సంచిని కుడి భుజానికి మార్చుకుంది. చేతికి మాత్రం పాత అలవాటు పోలేదు. చిల్లర కోసం ఎడమవైపుకే పోయి, మచ్చ తగలగానే నిప్పు ముట్టుకున్నట్టు వెనక్కొస్తుంది. ఇవాళా అంతే. టిక్కెట్టు కోసం చూస్తున్న ముసలావిడ "ఏమైందమ్మా?" అంది. "ఏం లేదు పెద్దమ్మా" అంటూ మొహం తిప్పుకుంది. అద్దంలోంచి గమనించిన డ్రైవరు, "గండం గడిచిందిగా అక్కా, ఇంకా దిగులెందుకు?" అన్నాడు. ఆమె పైట సర్దుకుంటున్నట్టు తడుముకుంది. మచ్చ కింద గట్టిగా ఉంది, మళ్లీ గోళీకాయంత. కోసినచోట లోపల అలాగే గట్టిపడుతుందని డాక్టరమ్మ చెప్పింది. "మరి అక్కడే ఇంకో గడ్డొస్తే నాకెలా తెలుస్తుందండీ?" అని అడిగితే, "చేతికి తెలియదమ్మా, ఆర్నెల్లకోసారి స్కానింగుకి రా" అంది. మొదటి గడ్డని కనిపెట్టింది ఈ చెయ్యే. ఇప్పుడు స్టాపు స్టాపుకీ తడుముతూనే ఉంటుంది, దానికేమీ తెలియదు.