ఓడి, అమాయీ!

కోవిడ్ సద్దుమణిగి విమానాలు మళ్ళీ మామూలుగా తిరగడం మొదలుపెట్టిన ఏడాది, జూన్ నెలలో, మా చర్చి సంఘం నన్ను ఆఫ్రికాలోని మలావీ దేశానికి పంపించింది. అప్పటికి నేను విశాఖపట్నంలోని ఒక మిషన్ ఆస్పత్రిలో కాన్పుల వార్డుకి సిస్టర్‌ని. బయటివాళ్ళకి తెల్లబట్టలు కట్టిన ప్రతి మనిషీ సిస్టరే కానీ, లోపల మాకు మెట్లున్నాయి. స్టాఫ్ నర్సు, ఆ పైన వార్డు సిస్టర్, ఆ పైన నర్సింగ్ సూపరింటెండెంట్. వార్డు తాళంచెవులూ, వార్డులో ఏం జరిగినా పడే తిట్లూ సిస్టర్ కొంగునే ఉంటాయి. నేను పెళ్ళి చేసుకోలేదు కనుక ఎవరినీ అడగాల్సిన పనిలేదు. ఏడాది పాటు పరిచర్యకి వెళ్తావా అని పాస్టరుగారు అడిగితే, ఆయన మాట పూర్తికాకుండానే ఒప్పుకున్నాను.

నేను వెళ్ళిన ఊరు రాజధానికి మట్టిరోడ్డు మీద సగం రోజు ప్రయాణం. మా సంఘం, అక్కడి సంఘం కలిసి చిన్న కాన్పుల వార్డు కట్టించాయి. మంచాలున్నాయి, పనిముట్లున్నాయి, నీళ్ళున్నాయి, మంత్రసాని పనిలో శిక్షణ పొందిన నర్సే లేదు. వార్డు వెనక రెండు గదులు వేశారు. దూరపు పల్లెల గర్భిణులు నెలలు నిండగానే వచ్చి, నొప్పులు వచ్చేదాకా అక్కడే ఉండాలని ఏర్పాటు. తోడుగా వచ్చే మనిషిని అక్కడ గార్డియన్ అంటారు. వండిపెట్టడం, బట్టలు ఉతకడం, ధైర్యం చెప్పడం ఆమె పని.

ఊరు చూడగానే నాకు నచ్చింది. ఎర్రమట్టి, చల్లగాలి, ఎటు చూసినా కోతలైపోయిన మొక్కజొన్న చేలు. తిండి గురించి మా అక్క రూతమ్మ బెంగపడి, గాజువాక నుంచి ఎండు నెత్తళ్ళు పొట్లాలు కట్టి తెస్తే, విమానంలో కంపు కొడతాయని గొడవపడి వదిలేశాను. తీరా వెళ్ళి చూస్తే అక్కడివాళ్ళు మొక్కజొన్న సంకటిలోకి ఉసిపా అని చిన్న ఎండుచేపలు వండుకుంటారు. అచ్చం నెత్తళ్ళే. మొదటిపూటే రెండుసార్లు వడ్డించుకున్నాను.

భాషకి అక్కడి సంఘం పాస్టరుగారి భార్య గ్రేస్ నాకు దుబాసీ. నవ్వితే ఒళ్ళంతా కదిలే మనిషి. బాగున్నారా, నొప్పి ఎక్కడ, ఊపిరి పీల్చు లాంటి అవసరమైన మాటలు ఆమే నేర్పింది. అక్కడ పెద్ద ఆడవాళ్ళని 'అమాయి' అంటారు. మనం అమ్మా అన్నట్టు. నాకు యాభై దాటి చాలాకాలమైంది. ఊరు ఊరంతా నన్ను అమాయి అంటుంటే, నా తెలుగు చెవికి అమ్మాయి అన్నట్టే వినబడేది. కాదని చెప్పే ఉద్దేశం నాకు బొత్తిగా లేకపోయింది.

వెళ్ళిన వారంలోనే, ఆదివారం ఆరాధన అయ్యాక, గ్రేస్ ఒక గర్భిణిని వార్డుకి తీసుకొచ్చింది. పేరు చిసోమో. అంతకుముందు రెండు కాన్పులు ఇంట్లోనే అయ్యాయి. రెండుసార్లూ పిల్ల ఎదురుకాళ్ళతో వచ్చి, తల ఇరుక్కుని, దక్కలేదు. మేము పొట్ట మీద రెండు చేతులూ ఆనించి, పిల్ల తల ఎక్కడుందో వీపు ఏ పక్కనుందో తడిమి చూస్తాం. గుండ్రంగా, గట్టిగా, అటూ ఇటూ కదిలే తల ఈసారి కూడా పైనే ఉంది. నెలలు నిండేసరికి ఆ పిల్ల తిరగకపోతే జిల్లా ఆస్పత్రికి పంపాలి. ఏదేమైనా ఇంట్లో మాత్రం కాన్పు కాకూడదు. ఇదంతా గ్రేస్ చెబుతుంటే చిసోమో తల ఊపింది. ఆమె చెయ్యి నా మణికట్టుని పట్టుకున్న పట్టు మాత్రం, బయటికి వెళ్ళేదాకా వదల్లేదు.

ఇక ఆ తర్వాత ఎవరూ రాలేదు.

రాలేదంటే అసలు రాలేదని కాదు. పొద్దున్నే ఆడవాళ్ళు వచ్చి వార్డు బయట నిలబడేవారు. మెత్తగా రెండు చప్పట్లు కొట్టి "ఓడి, అమాయీ" అనేవారు. నేను లోపలినుంచి తలెత్తి చక్కగా నవ్వేదాన్ని. మన దగ్గర ఆ నవ్వుకి అర్థం లోపలికి రమ్మనే. వాళ్ళు కాసేపు నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయేవారు. కొత్తరకం మనిషిని చూడ్డానికి వస్తున్నారు కాబోలనుకుని గ్రేస్‌ని కూడా అడగలేదు. పైగా ఆ మాట నాకు 'ఓడి, అమ్మాయి' అని వినబడేది. ఓడిపోయావమ్మాయీ అని రోజూ ఎవరో వచ్చి చెప్పి వెళుతున్నట్టుండేది.

వాళ్ళు రాకపోతే మనమే వెళ్ళాలని మాకు చదువులో నేర్పుతారు. బీపీ మిషను సంచిలో వేసుకుని చిసోమో ఇంటికి వెళ్ళాను. నేను పుట్టింది పద్మనాభం దగ్గర పల్లెలో. మా వైపు చనువున్న ఆడది ఇంటికి వస్తే గుమ్మంలో ఆగదు. "ఏటే, ఏటి సేత్తన్నావ్?" అనుకుంటూ నేరుగా వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీద గిన్నె మూత తీసి చూస్తుంది. నేనూ అలాగే, మొహం నిండా నవ్వుతో, చిసోమో పడుకున్న గదిలోకి వెళ్ళిపోయాను. ఆమె తల్లి, అందరూ అగోగో అని పిలిచే పెద్దావిడ, లేచి నిలబడి నోరు తెరిచి చూసింది. మర్యాదస్తురాలనుకున్నాను. రెండోసారి వెళితే తలుపు వేసి ఉంది. మూడోసారి కూడా.

పరిచర్యకి వెళ్ళేవాళ్ళకి దోమల గురించి చెబుతారు, నీళ్ళు కాచుకోమని చెబుతారు. మధ్యాహ్నం మూడింటికి ఖాళీ వార్డులో కూర్చోవడం ఎలాగో ఎవరూ చెప్పరు. వాడని దుప్పట్లు మళ్ళీ మళ్ళీ మడతపెట్టేదాన్ని. ప్రార్థనకి కూర్చుంటే చిసోమో పేరు దాటి మాట ముందుకు వెళ్ళేది కాదు. విశాఖపట్నంలో నేను లేకపోతే వార్డు నడవదని గొణుక్కునేదాన్ని, ఇక్కడ నేనుండీ వార్డు నడవడం లేదు. దేవుడు నన్ను చిరునామా తప్పి పంపాడేమోననిపించింది. అక్కడి పిల్లలు నవ్వుతుంటే కూడా నన్ను చూసేనని ఉడుక్కునేదాన్ని. అంత చిన్న మనసు నాకుందని అప్పుడే తెలిసింది.

ఒక పొద్దున్న వార్డులో కూర్చుని అక్కకి వీడియో కాల్ చేశాను. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను.

"నాను వచ్చేత్తానక్కా. ఈలకి నాను అక్కర్నేదు" అన్నాను.

అక్క నా ఏడుపు పట్టించుకోకుండా ఫోన్‌లోకి కళ్ళు చికిలించి చూస్తోంది.

"ఒసే, ఏడుపు తర్వాత ఏడుద్దువు గాని, నీ ఎనకాల గుమ్మంలో ఎవలో ఆడోళ్ళు నిల్సున్నారే. సప్పట్లు కొడతన్నారు. ఏటో అంతన్నారు. నువ్వేటి పలకవు?"

"ఆలు రోజూ అంతేనే. వత్తారు, ఓడి అంతారు, ఎల్లిపోతారు."

"పిలిత్తే పలక్కపోతే ఎల్లిపోరేటి? నాకైతే ఎప్పుడో కోపం వచ్చును. లెగు, బేగి లెగు, ఏటో అడుగు!"

వెనక్కి తిరిగేసరికి గుమ్మం ఖాళీ. కళ్ళు తుడుచుకుని గ్రేస్ ఇంటికి పరుగెత్తాను. ఓడి అంటే ఏమిటని అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది. అంత చిన్న మాట నాకు తెలియదని ఆమెకి తట్టనే లేదు. ఇంటికి వచ్చిన మనిషి బయటే నిలబడి, రావచ్చా అన్న అర్థంలో 'ఓడి' అంటుంది. లోపలివాళ్ళు 'ఓడిని' అనాలి, అంటే రండి అని. ఆ జవాబు వినబడేదాకా గుమ్మం దాటరు. జవాబు రాకపోతే, వద్దన్నారని వెళ్ళిపోతారు. మరి ఓడి అనకుండా లోపలికి వస్తే? గ్రేస్ కాస్త తటపటాయించి, అలా వచ్చేది దొంగలు, లేకపోతే చేతబడి చేసేవాళ్ళు అంది.

నేను లెక్కవేసుకున్నాను. వచ్చిన ప్రతి ఆడదాన్నీ పళ్ళు కనబడేలా నవ్వుతూ వద్దని పంపేశాను. రెండుసార్లు కడుపుకోత పడిన పిల్ల దగ్గరికి మంత్రగత్తెలా జొరబడ్డాను. ఆ సంగతి గ్రేస్‌కి చెప్పగానే ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నాకూ ఆగలేదు. ఇద్దరం ఆమె వంటింట్లో నేల మీద కూలబడి, పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వాం. నెలన్నరగా గుండెల మీద ఉన్న బరువు ఆ నవ్వుతో దిగిపోయింది. వాళ్ళు నన్ను వద్దనుకోలేదు, నేనే వాళ్ళని వద్దన్నాను. దిద్దుకోగలిగిన తప్పు దొరికితే ఇంత సంతోషంగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ సాయంత్రమే చిసోమో ఇంటికి వెళ్ళి వాకిట్లో నిలబడ్డాను. గ్రేస్ నా వెనక నిలబడింది. మెత్తగా చప్పట్లు కొట్టి "ఓడీ!" అన్నాను. జవాబు లేదు. మళ్ళీ అన్నాను. లోపల గిన్నెల చప్పుడు అవుతూనే ఉంది. అగోగో నన్ను నిలబెట్టే ఉద్దేశంతోనే ఉందని అర్థమైంది. నా వార్డులో నేను జూనియర్లను అలాగే నిలబెట్టేదాన్ని కనుక ఆ పద్ధతి నాకు తెలుసు. పొరుగిళ్ళ ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఎండ దిగిపోయేదాకా, ఆగి ఆగి, ఓడి అంటూనే ఉన్నాను. చివరికి లోపలినుంచి "ఓడిని" అని వినబడింది.

అగోగో చాప వేసింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించాను. ఆమె అన్న మాటని గ్రేస్ నాకు ఇంగ్లీషులో చెప్పింది. "ఓడి అనకుండా మా ఇంట్లోకి వచ్చేది మేకలే. మీ దేశంలో మనుషులు కూడా వస్తారా?" వస్తారు, గిన్నెల మూతలు కూడా తీస్తారు అన్నాను. ఆ ముసలావిడ నవ్వింది. మూలన కూర్చున్న చిసోమో కూడా నవ్వింది. పిల్ల తల ఇంకా పైనే ఉంది. నెలాఖరుకి వార్డు వెనక గదికి వస్తామని, అవసరమైతే అక్కడినుంచి జిల్లా ఆస్పత్రికి వెళతామని ఒప్పుకున్నారు.

నెలాఖరు దాకా పిల్ల ఆగలేదు. ఒక ఉదయం వార్డు వెనక తాడు మీద దుప్పట్లు ఆరేస్తున్నాను. ముందువైపు నుంచి చప్పట్లు వినబడ్డాయి. "ఓడి! ఓడి, అమాయీ!" అగోగో గొంతు. అడ్డదారిన పరుగెత్తి వచ్చి చూస్తే, చిసోమో వరండా స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి మూలుగుతోంది. ఉమ్మనీరు పోయి కాళ్ళ వెంట కారుతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది, మంచం ఎదురుగా ఉంది. తల్లీ కూతుళ్ళు మాత్రం నా జవాబు కోసం బయటే ఆగారు. "ఓడినీ! ఓడినీ!" అని ఊరంతా వినబడేలా అరిచాను.

జిల్లా ఆస్పత్రి అంబులెన్సుకి గ్రేస్ ఫోన్ చేసింది గానీ, నేను చెయ్యి పెట్టి చూసేసరికే గర్భద్వారం పూర్తిగా తెరుచుకుని ఉంది. ఇక పంపే వ్యవధి లేదు. ఎదురుకాన్పులో మంత్రసానికి మొదటి నియమం చేతులు కట్టుకోవడం. ముందు పిరుదులు కనబడతాయి. చూడగానే పట్టుకుని లాగాలనిపిస్తుంది. లాగితే పిల్ల చేతులు పైకి లేచిపోతాయి, తల వెనక్కి వాలి ఇరుక్కుంటుంది. అంతకుముందు ఇద్దరు పిల్లలూ అలాగే పోయి ఉంటారు. బొడ్డు దాకా దానంతట అదే రావాలి. చిసోమోని మంచం అంచుకి జరిపి, గ్లవ్స్ వేసుకుని, చేతులు ఛాతీ ముందు ముడుచుకుని నిలబడ్డాను. లాగు లాగు అని ఆమె ఏడుస్తోంది.

అప్పుడు కూతురి తల దగ్గర నిలబడ్డ అగోగో వంగి, కడుపు వైపు చూస్తూ, బతిమాలుతున్నట్టు అంది. "ఓడిని... ఓడిని..."

పిల్లని మా మధ్యకి రమ్మంటోంది.

గ్రేస్ అందుకుంది. నేనూ అందుకున్నాను. ముగ్గురం ఓడిని ఓడిని అంటుంటే పిరుదులు వచ్చాయి, కాళ్ళు జారాయి, బొడ్డు కనబడింది, భుజాలు తిరిగాయి. అప్పుడు ముందుకు వెళ్ళాను. పిల్లని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని, రెండు వేళ్ళు చెంపల మీద ఆనించి, గడ్డం ఛాతీకి ఆనేలా తల వంచి బయటికి తెచ్చాను. నీలంగా ఉంది. ముక్కూ నోరూ తుడిచి, వీపు గట్టిగా రుద్దాను. ఒకసారి వెక్కింది. ఆ తర్వాత ఆ ఆడపిల్ల పెట్టిన కేక మా విశాఖ రేవులో ఓడ కూతకి తీసిపోదు. అగోగో నాలుక ఆడిస్తూ లులులులూ అని సంతోషపు కేక వేస్తే, పొరుగిళ్ళ నుంచి, చేలల్లోంచి జవాబు కేకలు వచ్చాయి. నేను కూడా ప్రయత్నించాను. గొంతులోంచి కోడిపెట్ట అరుపు వచ్చింది. చిసోమో పిల్లని గుండెలకి పెట్టుకుని, కన్నీళ్ళు కారుతుండగా పడీపడీ నవ్వింది.

మర్నాటి నుంచి నా గుమ్మంలో చప్పట్లు ఆగలేదు. సంకటి ముద్ద నోట్లో ఉండగానే ఓడిని అనడం అలవాటైపోయింది.

తిరిగి వచ్చాక నన్ను నర్సింగ్ విద్యార్థినులకి ఇంటింటి సందర్శన నేర్పే ట్యూటర్‌గా వేశారు. మొదటి బ్యాచ్‌ని విశాఖ పక్కనే ఉన్న జాలర్ల ఊరు యారాడ తీసుకెళ్ళాను. గుమ్మం దాటకూడదు, బయట నిలబడి పిలవాలి, రమ్మనేదాకా ఆగాలి అని బస్సులోనే గట్టిగా చెప్పాను. పిల్లలు బుద్ధిగా ఒక ఇంటిముందు వరసగా నిలబడ్డారు. లోపల వంట చేసుకుంటున్న ఆవిడ చూసి, గరిటె పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏటమ్మా, అలాగ ఈదిలో నిల్సుండిపోనారు? సేపల వోళ్ళ ఇల్లని లోపలికి రాడానికి నామోసీ ఏటి?"

విద్యార్థినులందరూ నా వైపు చూశారు. నేను చెప్పులు విడిచి, తిన్నగా ఆమె వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద గిన్నె మూత తీసి, ఏటి వండుతున్నావని అడిగాను. ఆవిడ కోపం పోయి మాకు పీటలు వేసింది.

అప్పటి నుంచి పదవీ విరమణ దాకా ఏ బ్యాచ్‌కీ గుమ్మం దగ్గర ఏం చెయ్యాలో నేను చెప్పలేదు. ఆ ఊళ్ళో ఏం చేస్తారో ముందు కనుక్కుని రమ్మని పంపేదాన్ని. కనుక్కోకుండా వచ్చినవాళ్ళకి ఆ రోజు బీపీ మిషను ఇచ్చేదాన్ని కాదు.